ఎవరి డబ్బు? ఎవరి కథ?

మా అత్తయ్యగారికి ఓ అలవాటుంది. హరికథ అయినా, సినిమా అయినా, టీవీ సీరియల్ అయినా చివరిదాకా నోరు మెదపరు. అంతా అయిపోయి, మేం లేచి ఎవరి పనుల్లో వాళ్ళం పడబోయే వేళకి ఒకే ఒక్క ప్రశ్న వేస్తారు. దానికి జవాబు తోచక మేమందరం మొహాలు చూసుకుంటాం.

2020లో, కరోనా పుణ్యమా అని అందరం ఇళ్ళల్లో బందీలమై కూర్చున్న రోజుల్లో, మావాడు ‘స్కామ్ 1992’ అనే హిందీ సీరియల్ పెట్టాడు. హర్షద్ మెహతా కథ. పది భాగాలు. అత్తయ్యగారు ఆ కాలంలో రాష్ట్రభాష దాకా హిందీ పరీక్షలు ప్యాసయిన మనిషి. ఎనభై దాటినా ఒక్కరోజు మానకుండా చూశారు. వంట పెందరాళే ముగించుకుని నేనూ చూశాను. నిజం చెప్పొద్దూ, భలేగా ఉంది. ఇరుకు కొంపలో పెరిగినవాడు సముద్రం ఎదుట మేడలో కాపురం పెట్టడం, ఖరీదైన కార్లు కొనడం, పెద్దపెద్దవాళ్ళు అతని కోసం పడిగాపులు పడడం... చూస్తూంటే కళ్ళు తిప్పుకోబుద్ధి కాదు.

ఆఖరి భాగం అయిపోయాక మావాడు “ఏం బుర్రమ్మా అతనిది!” అన్నాడు. “ఎంతయినా ధైర్యస్తుడు” అన్నారు మావారు. పాలవాడి బాకీ ఒకటికి నాలుగుసార్లు కూడి చూసుకునే మనిషి ఆయన!

అప్పుడు అత్తయ్యగారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ అడిగారు.

“అంతా బాగానే ఉందిరా. ఇంతకీ ఆ డబ్బెవరిది?”

“బ్యాంకులది మామ్మా.”

“బ్యాంకుకి డబ్బెక్కడిదిరా? అది పొలం దున్నిందా, ఉద్యోగం చేసిందా?”

మావాడు నవ్వేసి ఊరుకున్నాడు. నేను మాత్రం నవ్వలేకపోయాను. ఎందుకు నవ్వలేకపోయానో చివర్లో చెబుతాను. ముందు ఆ ప్రశ్న సంగతి చూద్దాం.

డబ్బు గురించి రాసేవాళ్ళు ఇదివరకు పేపర్లో ఆఖరి పేజీల్లో ఉండేవారు. అంకెలు, శాతాలు, కంపెనీల పేర్లు. మన ఇళ్ళల్లో ఆ పేజీ అలమార అరల్లో వేసుకోవడానికే పనికొచ్చేది. ఇప్పుడలా కాదు. డబ్బు కథల్ని నవలలాగా రాస్తున్నారు. పాత్రలుంటాయి, మలుపులుంటాయి, సస్పెన్సుంటుంది. కానీ కల్పన కాదు, అంతా జరిగిందే. ఈ విద్య చేతనయినవాళ్ళ పుస్తకాలు వేలూ లక్షలూ అమ్ముడుపోతాయి. మంచిదే. అంకెలంటే భయపడే నాబోటివాళ్ళకి బ్యాంకు అంటే ఏమిటో, షేరు అంటే ఏమిటో ఇలాంటి పుస్తకాల వల్లే కాస్తో కూస్తో తెలిసింది. అయితే నిజాన్ని కథగా చెప్పేటప్పుడు ఆ కథ ఎవరి పక్కన కూర్చుని చెబుతున్నాం? నన్ను పట్టుకున్న ప్రశ్న అది.

హర్షద్ మెహతా కథనే తీసుకోండి. అది మొదట బయటపడింది ఒక ఆడమనిషి కలం నుంచి. 1992 ఏప్రిల్ 23న ‘టైమ్స్ ఆఫ్ ఇండియా’లో సుచేతా దలాల్ రాసిన వార్తతో, స్టేట్ బ్యాంకు పద్దుల్లో 500 కోట్ల రూపాయల తేడా ఉందని లోకానికి తెలిసింది. అసలు జరిగిందేమిటంటే, ఒక బ్యాంకు తన దగ్గరున్న ప్రభుత్వ బాండ్లని ఇంకో బ్యాంకుకి అమ్మినప్పుడు, బాండ్లు చేతికివ్వకుండా ‘మీ బాండ్లు మా దగ్గర ఉన్నాయి’ అని ఒక రసీదు రాసిచ్చే అలవాటుండేది. మధ్యన బ్రోకరు. ఆ నమ్మకాన్ని ఆసరా చేసుకుని, వెనక బాండ్లేమీ లేకుండానే ఒకటి రెండు చిన్న బ్యాంకులచేత ఉట్టి రసీదులు రాయించారు. గాజులు పెట్టకుండానే తాకట్టు చీటీ పుట్టించారన్నమాట! ఆ చీటీ చూపించి తెచ్చిన బ్యాంకు డబ్బు షేర్ మార్కెట్టులోకి పోయింది. షేర్లు ఆకాశానికెక్కాయి. అది చూసి, పక్కింటివాళ్ళు కొన్నారని ఎదురింటివాళ్ళూ, ఎదురింటివాళ్ళు కొన్నారని వెనకింటివాళ్ళూ కొన్నారు. 1992 ఏప్రిల్‌లో 4,400 దాటిన బొంబాయి సూచీ, సంవత్సరం తిరిగేసరికి సగానికి పడిపోయింది.

సుచేతా దలాల్, దేబాశిస్ బసు కలిసి దీనిమీద పుస్తకం రాశారు. ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు, ఎవరు తప్పించుకున్నారు అని పుస్తకం పేరులోనే అడిగారు. అందులోంచే ఈ సీరియల్ వచ్చింది. కానీ సీరియల్ చూసినవాళ్ళ నోళ్ళల్లో మిగిలినదేమిటి? హర్షద్ మెహతా డైలాగులు. దాని సంగీతం కుర్రకారు ఫోన్లలో మోగింది. ఓడినవాళ్ళ మాట ఎక్కడా వినబడలేదు.

తప్పు తీసినవాళ్ళదని గానీ, రాసినవాళ్ళదని గానీ అనలేం. కథ అనేదాని స్వభావమే అంత. తెలివిగా దోచుకున్నవాడికి బాల్యం ఉంటుంది, కసి ఉంటుంది, ఎత్తులుంటాయి, పతనం ఉంటుంది. పోగొట్టుకున్నవాళ్ళకి ఏముంటుంది? ఒక అంకె ఉంటుంది. ‘మదుపుదార్లు ఇన్ని వేలమంది, నష్టం ఇన్ని కోట్లు’ అని ఒక వాక్యంలో వాళ్ళందర్నీ కూర్చోబెట్టేస్తాం. రావణుడికి పది తలలు కనక చిత్రకారుడికి ఉత్సాహం. లంకలో ఇళ్ళు కాలినవాళ్ళ పేర్లు ఎవరికి కావాలి?

ఇది మన దేశపు జబ్బు మాత్రమే కాదు. మైకేల్ లూయిస్ అని అమెరికన్ రచయిత ఉన్నాడు. డబ్బు మీద కథల్లాంటి పుస్తకాలు రాయడంలో ఇవాళ అతన్ని మించినవాళ్ళు తక్కువ. కుర్రతనంలో సాలమన్ బ్రదర్స్ అనే పెద్ద కంపెనీలో బాండ్లు అమ్మే ఉద్యోగం చేశాడు. అనుభవం లేని తనలాంటివాడికి, ఇతరుల డబ్బు ఎక్కడ పెట్టాలో సలహా చెప్పినందుకు అంతంత జీతాలిస్తున్నారేమిటని అతనికే ఆశ్చర్యం వేసింది. ఉద్యోగం మానేసి, 1989లో ‘లయర్స్ పోకర్’ అనే పుస్తకం రాశాడు. అది చదివి తెలివైన కుర్రాళ్ళు ఆ దారి మానుకుని, తమకి ఇష్టమైన చదువులు చదువుకుంటారని అతని ఆశ. జరిగిందేమిటంటే, కాలేజీ కుర్రాళ్ళ దగ్గర్నుంచి ఉత్తరాలొచ్చాయి. ‘అయ్యా, మీ పుస్తకం చాలా ఉపయోగపడింది. ఆ ఉద్యోగంలో పైకి రావడానికి ఇంకేమైనా చిట్కాలుంటే చెప్పండి’ అని వాటి సారాంశం! ఈ సంగతి అతనే తర్వాత 2010లో వచ్చిన ‘ద బిగ్ షార్ట్’ మొదట్లో చెప్పుకున్నాడు.

చూశారా! గొయ్యి ఉందని బోర్డు పెడితే, ఆ గోతిలో ఏం దొరుకుతుందోనని దిగి చూసేవాళ్ళున్నారు. అంతమాత్రాన బోర్డు పెట్టడం మానమని నేననను. కానీ గొయ్యిని మరీ అందంగా వర్ణించామేమో ఒకసారి చూసుకోవద్దూ?

“అయితే దోచుకున్నవాడి గురించి కాకుండా, పోగొట్టుకున్నవాళ్ళ గోడే రాస్తే సరిపోతుందిగా” అంటారేమో. అందులోనూ ఓ చిక్కుంది. కన్నీళ్ళు కూడా కల్పించవచ్చు. హాలెండు దేశంలో 1637లో ట్యూలిప్ పూల దుంపల వ్యాపారం బద్దలయింది. ఒక్కొక్క దుంప ఇంటి ఖరీదు పలికిందనీ, తర్వాత జనం సర్వనాశనమైపోయారనీ, దేశమే కుదేలయిందనీ మనం వింటూంటాం. ఆ కథకి ఇంత ప్రచారం తెచ్చినవాడు చార్లెస్ మెకే అనే ఆయన. 1841లో జనాల పిచ్చి వ్యామోహాల మీద ఆయన రాసిన పుస్తకం ఈనాటికీ అచ్చవుతూనే ఉంది. అయితే ఆన్ గోల్డ్‌గార్ అనే చరిత్రకారిణి ఆ కాలపు దస్తావేజులు స్వయంగా తిరగేసి, 2007లో ఓ పుస్తకం వేసింది. ఆవిడకి తేలిందేమిటంటే, ధరలు పెరగడం, పడడం నిజమే. కానీ ట్యూలిప్‌ల మూలంగా దివాలా తీసి వీధిన పడ్డవాళ్ళు వెతికినా కనబడలేదు. జనానికి బుద్ధి చెప్పాలని ఆనాటి నీతి కరపత్రాలు రాసినవాళ్ళు చిలవలు పలవలు అల్లారు. తర్వాతివాళ్ళు దాన్నే నిజమని ఎక్కించుకుంటూ వచ్చారు.

ఇంకో తమాషా. ఆ మెకే గారే 1845 ప్రాంతంలో గ్లాస్గోలో పత్రికా సంపాదకుడు. అప్పుడు బ్రిటన్‌లో రైల్వే షేర్ల పిచ్చి ముదిరింది. రెండు వందల ఏళ్ళ కిందటి పూల పిచ్చిని అంత చక్కగా పసిగట్టినాయన, తన కళ్ళెదుట ఉన్న రైళ్ళ పిచ్చికి మాత్రం భయపడక్కర్లేదని తన పత్రికలో భరోసా ఇచ్చాడు! ఎవరి కాలపు వెర్రి వాళ్ళకి వెర్రిగా కనబడదు కాబోలు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆయన్ని చూసి నవ్వడానికి మనలో ఎవరికీ పెద్దగా హక్కు లేదు.

కనక ఇలా రాసేవాళ్ళకి ఇటు ఓ ప్రమాదం, అటు ఓ ప్రమాదం. దొంగని అందగాణ్ణి చేయడం ఒకటి, నీతి కోసం నష్టాన్ని పెంచి రాయడం ఇంకొకటి. రెండూ అబద్ధాలే. మరి రెంటి మధ్యనుంచీ నడిచినవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. నాకు అందరికన్నా ముందు గుర్తొచ్చేది ఐడా టార్బెల్.

ఆవిడ అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రపు నూనె బావుల ప్రాంతంలో పెరిగింది. తండ్రి అక్కడ చిన్న చమురు వ్యాపారి. 1872లో, ఆవిడకి పదిహేనో ఏట, పెద్ద శుద్ధి కంపెనీలూ రైల్వేలూ లోపాయికారీగా కూడబలుక్కున్నాయి. పెద్దవాళ్ళ సరుక్కి ఒక కిరాయి, చిన్నవాళ్ళ సరుక్కి రెట్టింపు కిరాయి. చిన్నవాళ్ళు చితికిపోయారు. ఆ ఇంట్లో నవ్వు మాయమవడం ఆ పిల్ల కళ్ళారా చూసింది. ముప్ఫయ్యేళ్ళ తర్వాత, ఆ చమురు సామ్రాజ్యానికి చక్రవర్తి అయిన రాక్‌ఫెల్లర్ కంపెనీ చరిత్ర రాయడానికి పూనుకుంది. “వద్దమ్మా, వాళ్ళు పత్రికని బతకనివ్వరు” అన్న ధోరణిలో తండ్రే అడ్డుపడ్డాడట.

1902 నవంబర్ నుంచి ‘మెక్లూర్స్’ అనే మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది. మూడు భాగాలనుకున్నది పంతొమ్మిది భాగాలయింది. మన పత్రికల్లో సీరియల్ కోసం ఎదురుచూసినట్టే అక్కడి జనం ఎదురుచూశారు. రాసింది శాపనార్థాలు కాదు. కోర్టు కాగితాలు, సాక్ష్యాలు, ఏ రోజు ఏ రైలు కంపెనీ పీపాకి ఎంత పుచ్చుకుందో ఆ లెక్కలు. అవతలి పక్షం మాట కూడా వినాలని, ఆ కంపెనీలోనే పెద్దవాడైన హెన్రీ రోజర్స్ దగ్గరికి పదేపదే వెళ్ళి, ఇది నిజమా, ఇది తప్పా అని అడిగి రాసింది. ఆయన్ని పరిచయం చేసింది మార్క్ ట్వేన్.

మధ్యలో ఓ గమ్మత్తు జరిగింది. కంపెనీ ఆఫీసులో నెలనెలా పాత కాగితాలు తగలబెట్టే పని ఒక కుర్రాడిది. ఒకరోజు ఆ కాగితాల్లో తన ఆదివారపు బడి మేష్టారి పేరు కనబడింది. ఆయన చిన్న చమురు వ్యాపారి. ఆయన సరుకు ఎప్పుడు బయల్దేరుతోందో రైల్వే గుమాస్తాలు పెద్ద కంపెనీకి చేరవేస్తున్నారని ఆ కాగితాలే చెబుతున్నాయి. కుర్రాడు అవి మేష్టారికిచ్చాడు. మేష్టారు టార్బెల్‌కి చేర్చాడు. అది అచ్చయిన తర్వాత రోజర్స్ గారి గుమ్మం ఆవిడకి మూసుకుపోయింది. ఆ పెద్ద సంస్థ గుట్టు బయటపెట్టింది ఆ కుర్రాడి కంటపడ్డ ఒక పేరు. అంకె కాదు సుమండీ, పేరు!

1911లో అమెరికా సుప్రీంకోర్టు ఆ కంపెనీని ముక్కలు చేసింది. ఆవిడ రాతే దానికి కారణమని అనలేం గానీ, జనం మనసు సిద్ధం చేయడంలో దాని వంతు ఉంది. అంత జాగ్రత్త మనిషీ ఒకచోట కాలు జారింది. 1905లో రాక్‌ఫెల్లర్ స్వభావం మీద వేరే వ్యాసం రాస్తూ, ఆయన ముఖాన్నీ ఆకారాన్నీ కర్కశంగా వర్ణించింది. జబ్బుచేసి అప్పటికే ఆయన తలమీదా కనుబొమల మీదా వెంట్రుకలు రాలిపోయాయి. పీపాకి ఎంత కిరాయి అని రాసినప్పుడు ఆవిడ న్యాయమూర్తి. మనిషి మొహం మీద రాసినప్పుడు, నాన్న దుఃఖం మరిచిపోలేని కూతురు. ఆవిడని మెచ్చుకునేవాళ్ళకి కూడా అది నచ్చలేదు.

ఇలాంటి రాతకి పెట్టుబడి ఎవరు పెడతారన్నది వేరే సమస్య. ఏళ్ళ తరబడి కాగితాలు తవ్వే మనిషికి జీతమివ్వాలి, తిరగడానికి రైలు ఖర్చులివ్వాలి. మెక్లూర్ అవన్నీ భరించాడు. ఇవాళ ఎంతమంది భరిస్తారు? పైగా కోర్టుల భయం. తమల్ బందోపాధ్యాయ సహారా సంస్థ మీద రాసిన పుస్తకం 2013లో కలకత్తా హైకోర్టు ఉత్తర్వుతో ఆగిపోయింది. ఆ సంస్థ 200 కోట్ల పరువునష్టం దావా వేసింది. తర్వాత రాజీ కుదిరి, 2014లో ఆ సంస్థ అభ్యంతరాన్ని కూడా పుస్తకంలోనే అచ్చువేసి బయటికి తెచ్చారు. ధీరూభాయ్ అంబానీ మీద హామిష్ మెక్‌డొనాల్డ్ రాసిన పుస్తకం 1998లో విదేశంలో అచ్చయింది గానీ అప్పట్లో మన దేశపు షాపుల్లోకి రాలేదు. పోగొట్టుకున్నవాడి మీద ఏం రాసినా దావా వెయ్యడు. వాడికి లాయరు లేడు. అందుకని వాడి విషయంలో రాసేవాళ్ళు మరింత ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలని నాకనిపిస్తుంది.

అడిగినవాళ్ళ మీదే నింద పడడం కూడా ఉంది. బెథనీ మెక్లీన్ అనే యువతి 2001 మార్చిలో ‘ఫార్చ్యూన్’ పత్రికలో, ఎన్రాన్ అనే మహా కంపెనీ గురించి చాలా సాదా ప్రశ్న వేసింది. “ఇంతకీ ఈ కంపెనీకి డబ్బు ఎలా వస్తోంది?” కంపెనీ పెద్దలు, నువ్వు సరిగ్గా చదువుకుని రాలేదని ఆవిడ మీద విరుచుకుపడ్డారు. ఆ డిసెంబర్‌లో ఎన్రాన్ దివాలా తీసింది. ఆవిడ ప్రశ్నకీ మా అత్తయ్యగారి ప్రశ్నకీ ఎంత తేడా ఉందో మీరే చెప్పండి!

ఇప్పుడు నేనెందుకు నవ్వలేకపోయానో చెబుతాను.

1986లో మేం తెనాలిలో అద్దెకుండేవాళ్ళం. ఆ వీధిలో ఒకావిడ చీటీలు వేసేది. పాతికమంది సభ్యులు, నెలకి రెండువందలు, పాతిక నెలలు. నెలనెలా చీట్లు తీసేవారు, ఎవరి పేరొస్తే వాళ్ళకి అయిదువేలు. ఆవిడది చక్కటి గొంతు. ప్రతి పేరంటంలోనూ ఆవిడ పాట ఉండాల్సిందే. మా అత్తయ్యగారు ఆడపడుచు పెళ్ళి సామాన్ల కోసమని ఆ చీటీలో చేరారు. రెండేళ్ళు తిరక్కుండానే ఆవిడ రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయింది.

అప్పుడప్పుడే కథలు రాస్తున్న రోజులు. నాకింతకన్నా మంచి సరుకు ఏం దొరుకుతుంది? రాసి ఒక పత్రికకి పంపాను. జరిగింది జరిగినట్టే రాశానని గొప్పగా కూడా చెప్పుకున్నాను. ఆవిడ పాటలు, కొప్పులో మల్లెచెండు, కళ్ళు చికిలించి ‘మీ డబ్బు మీ పెట్టెలో ఉన్నట్టే వదినగారూ’ అనడం, అన్నీ కళ్ళకి కట్టినట్టు దించాను. అత్తయ్యగారి గురించి ‘నాలుగువేలు పోగొట్టుకున్న అమాయకురాలు’ అని ఒక్క వాక్యం. కథ అచ్చయింది. డెబ్బై అయిదు రూపాయల మనియార్డరు వచ్చింది. ‘చీటీల వదినగారి పాత్ర అద్భుతం’ అని పాఠకుల ఉత్తరాలొచ్చాయి. నేను పొంగిపోయి అత్తయ్యగారికి చదివి వినిపించాను.

ఆవిడ బియ్యంలో రాళ్ళేరుతున్నారు. తలెత్తకుండానే “బాగుందమ్మాయ్. నా డబ్బు పోయినందుకు నీకు డెబ్బై అయిదొచ్చాయన్నమాట” అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

ముప్ఫయ్యేళ్ళకి పైగా ఆ మాట ఎత్తుకోలేదు, ఆవిడా నేనూ. సీరియల్ అయిపోయిన మర్నాడు, వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తూ నేనే అడిగాను. “అత్తయ్యా, అప్పుడు అసలేం జరిగింది?”

“ఇన్నాళ్ళకి అడిగావా?” అని చెప్పడం మొదలుపెట్టారు.

పద్నాలుగో నెలలోనే ఆవిడకి అనుమానం వచ్చిందట. తన పుస్తకంలో ఎవరి పేరు ఏ నెల వచ్చిందో రాసుకునేవారు. అందులో ఇద్దరికి డబ్బు ముట్టలేదని వాకబు చేస్తే తేలింది. అప్పుడే ఆపేయొచ్చు. కానీ ఆవిడ మాట మీద ఇంకో ఇద్దరు ఇల్లాళ్ళు చేరారు. “నేను గొడవపెడితే అది ఆ రాత్రే పారిపోతే, వాళ్ళ గతేమిటి? ఎలాగోలా వాళ్ళ పేరొచ్చేదాకా లాగుదామనుకున్నాను” అన్నారు. అయిదు నెలలు అలా తెలిసి తెలిసి కట్టారు. ఇద్దరిలో ఒకావిడ పేరు వచ్చింది, డబ్బూ చేతికొచ్చింది. రెండో ఆవిడది రాలేదు. ఇరవయ్యో నెలలో ఇక లాభం లేదని, నలుగురిలో నిలబడి “లెక్క చూపించు, చూపిస్తేనే కడతాను” అన్నారట. ఆ వారంలోనే చీటీలావిడ మాయమైంది.

“అప్పుడు వీధి వీధంతా నన్నే తిట్టారు. నువ్వు అడగబట్టే పారిపోయింది, లేకపోతే ఇచ్చేదేమో అని. రెండో ఆవిడకి మాత్రం నా గాజొకటి అమ్మి ఇచ్చేశాను. నా మాట మీద చేరింది కదా.”

నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. ఆ గాజు ఏమయిందని నేను ఏనాడూ అడగలేదు. అమాయకురాలట! ఆ వీధి మొత్తంమీద జరుగుతున్నదేమిటో తెలిసిన మనిషి ఆవిడొక్కరే. పక్కగదిలో ఉన్న అసలు కథని వదిలేసి, ఎదురింటి మల్లెచెండు వర్ణించుకుంటూ కూర్చున్నాను నేను. టార్బెల్ పదేపదే వెళ్ళి అవతలి పక్షాన్ని కూడా అడిగింది. నేను ఇవతలి పక్షాన్నే అడగలేదు. ఆవిడ ఎక్కడికీ పోలేదు, రోజూ నాకు కాఫీ ఇస్తూనే ఉన్నారు.

డబ్బు కథలు రాయకూడదని నేనివాళా అనుకోను. రాయాలి. పోగొట్టుకున్నవాళ్ళు సిగ్గుపడి దాచుకుంటారు, ఎత్తుకుపోయినవాడికి కావలసిందీ అదే. రాసినందుకు డబ్బు పుచ్చుకోవడం కూడా తప్పని అనను. ఏళ్ళ తరబడి తవ్వి రాసేవాళ్ళు బతకొద్దూ? కానీ ఒకరి నష్టం మీద మన రాత నిలబడినప్పుడు మనం వాళ్ళకి బాకీపడతాం. ఆ బాకీ జాలితో తీరేది కాదు. వాళ్ళని కూర్చోబెట్టి, అడిగి, వాళ్ళు చెప్పింది సరిగ్గా రాస్తే కొంత తీరుతుంది. చదివేవాళ్ళకీ ఓ చిన్న బాధ్యత ఉంది. ‘ఏం బుర్ర!’ అనుకునే ముందు ‘ఎవరి డబ్బు?’ అని ఒక్కసారి అనుకోవడం.

“ఇదంతా మళ్ళీ రాయనా అత్తయ్యా?” అన్నాను జంకుతూ.

“రాస్తే రాయి. పేర్లు వద్దు. ఆవిడకీ పిల్లలున్నారు. లెక్క మాత్రం సరిగ్గా రాయి. నాలుగువేలు కాదు, మూడువేల ఎనిమిది వందలు.”

“రెండు వందలేగా తేడా, లెక్క సరిగ్గా ఉంటుందని అప్పట్లో...”

“ఆ రెండు వందలేనమ్మాయ్ నేను కట్టనన్నది.”